వరంగల్‌కు కొత్తగా వచ్చారా? ఆరోగ్యశ్రీ, ఆయుష్మాన్‌లో పేరు ఎక్కించుకోవడం ఎలా

ఉద్యోగం మీదనో, పెళ్లి చేసుకునో, పిల్లల చదువు కోసమో వరంగల్ వైపు వచ్చినవాళ్లు పదే పదే అడిగేది ఇదే: "మాకు ఆరోగ్యశ్రీ వస్తదా, రాదా? కార్డు ఎక్కడ తీస్తరు?" దీనికి అందరికీ పనికొచ్చే జవాబు లేదు. మీరు ఎక్కడి నుంచి వచ్చారు, పాత రేషన్ కార్డులో పేరు ఇంకా ఉందా తీసేశారా, ఏ పని చేస్తున్నారు అన్నదాన్ని బట్టి దారి మారిపోతుంది. ఒక్క సంగతి మాత్రం అందరికీ వర్తిస్తుంది. ఆస్పత్రిలో చూసేది మీ ఇంట్లో కార్డు ఉందా అని కాదు, మంచం మీద ఉన్న మనిషి పేరు ఆ కార్డులో ఉందా అని. ఇంటి పెద్ద పేరు మీద కార్డు ఉంది కదా అని నిశ్చింతగా ఉండి, తీరా కోడలికో మనవడికో ఆపరేషన్ పడ్డ రోజున పేరు లేదని తెలిసి పరుగులు పెట్టే కుటుంబాలు చాలా ఉన్నాయి.

తెలంగాణలో ఆరోగ్యశ్రీకి ఆధారం ఆహార భద్రతా కార్డు, అంటే మనం రేషన్ కార్డు అనేదే. 2023 డిసెంబర్ 9 నుంచి కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయల దాకా చికిత్స ఉచితం, అంతకుముందు ఇది 5 లక్షలే ఉండేది. కేంద్రం ఇచ్చే ఆయుష్మాన్ భారత్ పరిమితి కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు. తెలంగాణ 2021లో అందులో చేరింది. పాత జబ్బు ఉందని గానీ, వయసు మీరిందని గానీ ఈ రెండింటిలో దేంట్లోనూ తిప్పి పంపరు. ప్రైవేటు బీమాకూ దీనికీ అసలైన తేడా ఇదే.

ముందు మీరు ఏ వరుసలో ఉన్నారో చూసుకోండి

తెలంగాణలోనే వేరే జిల్లా నుంచి వచ్చారా? ఆదిలాబాద్ నుంచో, మహబూబ్‌నగర్ నుంచో వచ్చి హనుమకొండలో కిరాయికి ఉంటున్నారా? అయితే మీరు చేయాల్సింది దాదాపు ఏమీ లేదు. పాత కార్డే రాష్ట్రమంతా చెల్లుతుంది. బియ్యం కూడా ఇక్కడి రేషన్ షాపులోనే తీసుకోవచ్చు. "అడ్రస్ మారింది కదా, పాతది తీసేసి కొత్తది పెట్టుకుందాం" అని మాత్రం అనుకోవద్దు. ఉన్న కార్డు రద్దు చేయించుకుని, కొత్తది రాక, మధ్యలో ఏ ఆసరా లేకుండా చిక్కుకుపోయేది ఎక్కువగా వీళ్లే.

వేరే రాష్ట్రం నుంచి వచ్చినవాళ్లకు రెండు దారులున్నాయి. మీ రాష్ట్రంలో ఇచ్చిన ఆయుష్మాన్ కార్డు ఉంటే అది దేశమంతా చెల్లుతుంది కాబట్టి ఇక్కడ ఆయుష్మాన్ కింద నమోదైన ఆస్పత్రిలో చూపించవచ్చు. ఒకట్రెండేళ్లు పని చేసుకుని వెళ్లిపోయేవాళ్లకు ఇదే మేలు. ఇటుక బట్టీలకు వచ్చే ఒడిశా కుటుంబాలకు కూడా నేను చెప్పేది ఇదే, సొంతూరి కార్డు తీసేయించుకోవద్దని. ఇక్కడే స్థిరపడేవాళ్లయితే అక్కడ పేరు తీయించి ఇక్కడ కొత్తగా దరఖాస్తు పెట్టాలి. ఆ దారి పొడుగు, ఓపిక కావాలి. ఒక భ్రమ మాత్రం వదిలేయండి: వన్ నేషన్ వన్ రేషన్ కింద మీ రాష్ట్రం కార్డుకు ఇక్కడ బియ్యం వస్తుంది, కానీ బియ్యం వచ్చినంత మాత్రాన తెలంగాణ ఆరోగ్యశ్రీ రాదు.

గల్ఫ్ నుంచి తిరిగొచ్చినవాళ్లది వేరే గోస. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల్లో ఇది ఇంటింటి కథ. మీరు దుబాయ్‌లోనో మస్కట్‌లోనో ఉన్నప్పుడు ఊళ్లో ఈ-కేవైసీ (కార్డులో ఉన్న మనిషి మీరేనని ఆధార్ వేలిముద్రతో తేల్చుకోవడం) జరిగి ఉంటుంది, మీరు వేలిముద్ర వేసి ఉండరు. కార్డులో మీ పేరు ఉందో, ఈ-కేవైసీ పెండింగ్‌లో ఉందో, తీసేశారో, వచ్చిన వారంలోనే రేషన్ షాపులో చూపించుకోండి. మోకాళ్లు, నడుము, షుగర్ తెచ్చుకుని ఇంటికి చేరేవాళ్లు కార్డు సంగతి ఆఖరున చూడటం మంచిది కాదు.

ఫ్యాక్టరీలోనో, కంపెనీలోనో, షోరూంలోనో నెలకు 21,000 రూపాయల లోపు జీతం వచ్చేవాళ్లు మొదట ఈఎస్ఐ (జీతంలోంచి కొంత కోసి ఉద్యోగికి, కుటుంబానికి వైద్యం ఇచ్చే ప్రభుత్వ బీమా) సంగతి చూసుకోవాలి. గీసుగొండ, సంగెం వైపు మెగా టెక్స్‌టైల్ పార్కులో చేరిన పిల్లలు ఎక్కువగా ఈ వరుసలోకే వస్తారు. దీని గురించి కింద చెప్తాను.

ఇంట్లో 70 ఏళ్లు నిండిన పెద్దవాళ్లు ఉంటే ఆదాయంతో, రేషన్ కార్డుతో పని లేకుండా ఆయుష్మాన్ వయ వందన కార్డు తీసుకోవచ్చు. 2024 అక్టోబర్ చివర్లో మొదలైంది. పింఛను తీసుకునే పెద్దాయనకైనా, పొలం ఉన్న అవ్వకైనా వస్తుంది.

దగ్గర పెట్టుకోవాల్సినవి

ఇంట్లో అందరి ఆధార్ కార్డులు, వాటికి లింకైన ఫోన్ నెంబర్ పనిచేస్తూ ఉండాలి. ఓటీపీ దానికే వస్తుంది, పాత సిమ్ పారేసి ఉంటే ముందు ఆధార్ కేంద్రంలో నెంబర్ మార్పించుకోండి. పాత రేషన్ కార్డు నెంబర్, ఏ రాష్ట్రానిదైనా సరే. ఇక్కడి చిరునామాకు ఏదో ఒక రుజువు: కరెంటు బిల్లు, గ్యాస్ పుస్తకం, కిరాయి అగ్రిమెంట్. కొత్త కోడలైతే పెళ్లి సర్టిఫికెట్, పుట్టింటి కార్డు నుంచి పేరు తీసేసినట్టు కాగితం. పసిపిల్లలకైతే జనన ధ్రువపత్రం, ఆధార్. అన్నీ రెండేసి జిరాక్సులు తీసి, ఒరిజినల్స్ మీ దగ్గరే ఉంచుకోండి, ఎవరికీ ఇచ్చేయొద్దు.

ఇంటి యజమాని అగ్రిమెంట్ రాసివ్వనంటే, మన దగ్గర చాలామంది ఇవ్వరు కూడా, గ్యాస్ కనెక్షన్‌ను ఈ చిరునామాకు మార్పించుకుంటే దానితో పని నడుస్తుంది. భార్యకో, తల్లిదండ్రులకో సొంతంగా చిరునామా రుజువు లేకపోతే, కుటుంబ పెద్ద ఆధార్ ఆధారంగా అడ్రస్ మార్చే సౌకర్యం ఆధార్ వెబ్‌సైట్‌లోనే ఉంది. బంధుత్వం చూపే కాగితం పెట్టాలి, కుటుంబ పెద్ద తన ఫోన్ నుంచి ఒప్పుకోవాలి.

ఇక పని మొదలుపెడదాం

1. మీరు ఏ జిల్లానో తేల్చుకోండి. నవ్వొచ్చే మాటలా ఉంటుంది గానీ ఇక్కడ నిజంగా అవసరం. 2021లో పాత వరంగల్ అర్బన్, రూరల్ జిల్లాలు హనుమకొండ, వరంగల్ జిల్లాలయ్యాయి. నగరం ఒకటే, జిల్లాలు రెండు. హనుమకొండ, కాజీపేట, హసన్‌పర్తి మండలాల్లో ఉంటే మీది హనుమకొండ జిల్లా. వరంగల్, ఖిలా వరంగల్ మండలాల్లో ఉంటే వరంగల్ జిల్లా. అందరూ "వరంగల్‌లో ఉంటున్నాం" అనే అంటారు, దరఖాస్తులో కూడా అదే రాసేస్తారు. తర్వాత ఆ ఫైలు ఒక తహసీల్దార్ దగ్గర ఉంటే మీరు ఇంకో ఆఫీసు ముందు నిలబడతారు. పక్కింటివాళ్ల కరెంటు బిల్లో, ఇంటి పన్ను రసీదో చూస్తే మీ మండలం ఏదో తెలిసిపోతుంది.

2. ఇప్పుడున్న పరిస్థితి చూడండి. తెలంగాణ పౌర సరఫరాల శాఖ ఈపీడీఎస్ వెబ్‌సైట్‌లో ఎఫ్ఎస్‌సీ (ఆహార భద్రతా కార్డు) సెర్చ్ అని ఉంటుంది. కార్డు నెంబర్ కొడితే కుటుంబ సభ్యుల పేర్లన్నీ వస్తాయి. ఒక్కో పేరూ చదవండి. ఆధార్‌లో ఉన్న పేరుతో పోల్చుకోండి. ఇంటి పేరు ముందా వెనకా, 'లక్ష్మి'కి చివర ఒక అక్షరం ఎక్కువా తక్కువా, ఇలాంటి చిన్న తేడాలే తర్వాత ముల్లులా గుచ్చుకుంటాయి. ఫోన్‌లో చూడటం రాకపోతే రేషన్ డీలర్ దగ్గర ఈ-పాస్ మిషన్‌లోనూ తెలుస్తుంది.

3. పాత చోట పేరు తీయించండి, కానీ తొందరపడొద్దు. ఒక ఆధార్ ఒక్క కార్డులోనే ఉండాలి. రెండో చోట పెట్టబోతే 'ఇప్పటికే ఉంది' అని దరఖాస్తు వెనక్కి వస్తుంది. పెళ్లయిన అమ్మాయికి పుట్టింటి కార్డులో, విడిపోయిన కొడుక్కి ఉమ్మడి కార్డులో, వలస వచ్చినవాళ్లకు సొంత రాష్ట్రంలో పేరు తీసేయించాలి. తెలంగాణలోనే అయితే మీసేవలో సభ్యుల తొలగింపు దరఖాస్తు పెడితే సరిపోతుంది. ఆంధ్ర నుంచి వచ్చినవాళ్లు అక్కడి గ్రామ, వార్డు సచివాలయంలో అడగాలి. గోదావరి అవతల మహారాష్ట్రలోని సిరొంచ వైపు నుంచి మహదేవపూర్ ఇళ్లకు వచ్చిన కోడళ్లయితే అక్కడి తహసీల్ కార్యాలయం నుంచి పేరు తీసేసినట్టు రాతపూర్వకంగా తెచ్చుకోవాలి. నోటిమాట ఇక్కడ చెల్లదు.

ఇక్కడే అసలు ప్రమాదం ఉంది. పాత చోట పేరు పోయి, కొత్త చోట ఎక్కేదాకా ఆ మనిషి ఏ కార్డులోనూ ఉండరు. అది కొన్ని వారాలు కావచ్చు, నెలలూ కావచ్చు. అమ్మాయి గర్భిణి అయినా, ఇంట్లో ఎవరికైనా డయాలసిస్ నడుస్తున్నా, ఆపరేషన్ తేదీ దగ్గర్లో ఉన్నా పేరు కదిలించొద్దు. పుట్టింటి కార్డు మీదనే చికిత్స పూర్తి చేయించుకుని ఆ తర్వాత మార్చుకోండి. అత్తగారు తొందరపెట్టినా సరే, ఈ ఒక్క విషయంలో వినకండి.

4. మీసేవలో దరఖాస్తు పెట్టండి. కొత్త కార్డుకు ఒకటి, ఉన్న కార్డులో పేరు చేర్చడానికి ఇంకొకటి, ఈ రెండు దరఖాస్తులూ వేరు. ఇంట్లో మామ పేరు మీద కార్డు ఉండి కోడలిని చేర్చాలంటే సభ్యుల చేర్పు దరఖాస్తే పెట్టాలి, కొత్త కార్డుది కాదు. అర్హత లెక్క ఇలా ఉంది: ఏడాది ఆదాయం పల్లెల్లో లక్షన్నర, పట్టణాల్లో 2 లక్షలు దాటకూడదు. భూమి తరి (నీటి వసతి ఉన్నది) అయితే మూడున్నర ఎకరాలు, ఖుష్కీ (మెట్ట) అయితే ఏడున్నర ఎకరాల లోపు ఉండాలి.

కౌంటర్‌లో ఆపరేటర్ టైపు చేసేటప్పుడు అటు ఫోన్ చూసుకుంటూ నిలబడకండి. సబ్మిట్ కొట్టే ముందు స్క్రీన్ తిప్పి చూపించమని అడగండి. ఆధార్ అంకెలు, పుట్టిన సంవత్సరం, మండలం పేరు, ఫోన్ నెంబర్ ఈ నాలుగూ మీ కళ్లతో చూడండి. ఆపరేటర్ విసుక్కోవచ్చు, పట్టించుకోవద్దు. రసీదు తీసుకుని అక్కడే ఫోటో తీసి పెట్టుకోండి, మీసేవ కాగితం మీద అక్షరాలు కొన్నాళ్లకు మాసిపోతాయి.

5. ఫైలు ఎక్కడుందో వెంబడించండి. అదే ఈపీడీఎస్ వెబ్‌సైట్‌లో మీసేవ నెంబర్‌తో దరఖాస్తు స్థితి కనిపిస్తుంది. తహసీల్దార్ లాగిన్‌లో పెండింగ్ అని ఉంటే విచారణ ఇంకా కాలేదని అర్థం, మండల ఆఫీసులో అడగండి. డీసీఎస్ఓ లాగిన్‌లో పెండింగ్ అంటే ఫైలు జిల్లా పౌర సరఫరాల అధికారి దగ్గరికి చేరింది, మండలం చుట్టూ తిరిగి లాభం లేదు. విచారణకు వచ్చినప్పుడు తాళం వేసి ఉంటే 'ఇంట్లో లేరు' అని రాసేసే అవకాశం ఉంది. కూలికి పోయేవాళ్లు పక్కింటివాళ్లకు చెప్పి, ఫోన్ నెంబర్ ఇచ్చి పోండి. ఎంతకీ కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి ఉంటుంది. మీసేవ రసీదు జిరాక్సు జతచేసి అర్జీ ఇవ్వండి. అర్జీ మీద పేజీలు రాయొద్దు, దరఖాస్తు నెంబర్, తేదీ, ఎక్కడ ఆగింది, అంతే.

6. ఈ-కేవైసీ పూర్తి చేయండి. కార్డు మంజూరైందని సంబరపడి ఇక్కడ ఆగిపోకండి. కార్డులోని ప్రతి మనిషీ రేషన్ షాపుకు వెళ్లి వేలిముద్ర వేయాలి. బీడీలు చుట్టే అక్కలకు, ఎనుమాముల మార్కెట్‌లో బస్తాలు మోసే అన్నలకు, మేస్త్రీ పని చేసేవాళ్లకు వేలి గీతలు అరిగిపోయి మిషన్ పట్టదు. ఒక వేలు పట్టకపోతే పది వేళ్లూ చూడమనండి. చెయ్యి కడుక్కుని, బాగా తుడిచి, కొంచెం కొబ్బరినూనె రాసి తుడిచేసి మళ్లీ పెడితే కొన్నిసార్లు పడుతుంది. అప్పటికీ కాకపోతే కంటి పాపతో తీసే మిషన్ ఉందేమో డీలర్‌ను అడగండి, లేదంటే ఆధార్ కేంద్రంలో వేలిముద్రలు కొత్తగా ఇప్పించుకుని రండి. పిల్లల విషయంలో ఇంకొకటి: ఐదేళ్లలోపు తీసిన నీలం ఆధార్‌లో వేలిముద్రలే ఉండవు. ఐదు నిండాక అప్‌డేట్ చేయించాలి, 5 నుంచి 7 ఏళ్ల మధ్య చేయిస్తే డబ్బు తీసుకోరు.

7. ఆయుష్మాన్ కార్డు కూడా తీసి పెట్టుకోండి. ఫోన్‌లో ఆయుష్మాన్ యాప్ వేసుకుని, మొబైల్ నెంబర్‌తో లాగిన్ అయి, రాష్ట్రం తెలంగాణ, జిల్లా మీది ఎంచుకుని ఆధార్ నెంబర్‌తో వెతకండి. పేరు వస్తే ఆధార్ ఓటీపీతో గానీ, ముఖం చూపించి గానీ ఈ-కేవైసీ చేసి, ఫోటో తీసి పంపాలి. ఆధార్‌లో పేరు, జాబితాలో పేరు కలిస్తే ఆమోదం త్వరగా వస్తుంది. పేరు రాకపోతే టెన్షన్ పడొద్దు. ఈ జాబితాలో అందరూ ఉండరు. తెలంగాణలో చికిత్సకు ఆరోగ్యశ్రీ ఒక్కటి ఉన్నా చాలు, నాగ్‌పూర్‌లోనో మరో రాష్ట్రంలోనో చూపించుకోవాల్సి వచ్చినప్పుడే ఆయుష్మాన్ లేని లోటు తెలుస్తుంది.

70 దాటిన పెద్దవాళ్లకు అదే యాప్‌లో విడిగా నమోదు ఉంటుంది. వాళ్లకు ఆధార్ తప్ప ఇంకేదీ అక్కర్లేదు, కానీ ఆధార్‌లో పుట్టిన తేదీ సరిగ్గా ఉండాలి. మన పెద్దవాళ్ల ఆధార్‌లో చాలామందికి జనవరి 1 అని ఉంటుంది, దానికి ఇబ్బంది లేదు. సంవత్సరం మాత్రం లెక్క ప్రకారం 70 దాటి ఉండాలి. సైన్యంలో చేసినవాళ్ల ఈసీహెచ్ఎస్, కేంద్ర ఉద్యోగుల సీజీహెచ్ఎస్ ఉంటే రెండింట్లో ఒకటే ఎంచుకోవాలి. ప్రైవేటు బీమా గానీ ఈఎస్ఐ గానీ ఉన్నా ఇది తీసుకోవచ్చు. తీసుకున్నాక మీరు వెళ్లదలచుకున్న ఆస్పత్రిలో ఈ కార్డు తీసుకుంటారా అని ముందే అడిగి పెట్టుకోండి.

8. ఉద్యోగం చేసేవాళ్లు ఈఎస్ఐ చూసుకోండి. మీ జీతంలోంచి కోసేది 0.75 శాతం, యజమాని కట్టేది 3.25 శాతం. పది మంది, అంతకంటే ఎక్కువ మంది పనిచేసే చోట మామూలుగా ఇది వర్తిస్తుంది. చేరిన రోజే బీమా నెంబర్ అడగండి. జీతం చీటీలో కోత కనిపిస్తోంది కదా అని ఊరుకోవద్దు, ఉమాంగ్ యాప్‌లో ఆ నెంబర్ కొట్టి నెలనెలా డబ్బు జమ అవుతోందా చూడండి. కోసి కట్టని మేస్త్రీలు, కాంట్రాక్టర్లు ఉన్నారు. భార్యా పిల్లల పేర్లు, వాళ్ల ఫోటోలు కూడా ఆ నెంబర్ కింద ఎక్కించాలి, చాలామంది ఇది మర్చిపోయి తమ ఒక్కరికే చేయించుకుంటారు.

జరిగిందో లేదో ఎలా తెలుసుకోవాలి

ఒంట్లో బాగున్నప్పుడే ఒకసారి పరీక్షించి చూడండి. వరంగల్ ప్రభుత్వ పెద్దాసుపత్రి ఎంజీఎంలో గానీ, హనుమకొండలో ఆరోగ్యశ్రీ ఉన్న ఏదైనా ఆస్పత్రిలో గానీ ఆరోగ్యమిత్ర (ఆస్పత్రిలో ఆరోగ్యశ్రీ పనులు చూసే మనిషి) కౌంటర్ ఉంటుంది. ఖాళీగా ఉన్న సమయం చూసి రేషన్ కార్డు నెంబర్, ఆధార్ ఇచ్చి "అన్నా, మా ఇంట్ల అందరి పేర్లు వస్తున్నయా, జర చూడు" అని అడగండి. కొత్తగా ఎక్కించిన పేరు రేషన్ షాపులో కనిపించి ఇక్కడ కనిపించకపోవచ్చు, ఆ సంగతి జ్వరం మీద కాకుండా ఇప్పుడే తెలిస్తే మేలు. వీలుకాకపోతే 104కు ఫోన్ చేసి అడగొచ్చు. ఆయుష్మాన్‌కైతే 14555.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

ఆభా కార్డును ఆరోగ్య బీమా అనుకోవడం అన్నిటికంటే పెద్దది. ఆభా అంటే 14 అంకెల ఆరోగ్య ఖాతా నెంబర్, మీ రిపోర్టులు భద్రంగా ఉండటానికి. దాంతో ఒక్క రూపాయి చికిత్స కూడా రాదు. క్యాంపుల్లో ఆభా తీసిచ్చి 'ఆయుష్మాన్ వచ్చింది' అని చెప్పి పంపేస్తుంటారు. జనం లామినేషన్ చేయించి బీరువాలో పెట్టుకుంటారు. ఈ-శ్రమ్ కార్డు సంగతీ అంతే, అది కార్మికుల నమోదు, వైద్యానికి పనికిరాదు.

ఏజెంట్లకు డబ్బివ్వడం ఇంకోటి. ఆయుష్మాన్ కార్డుకు మీ జేబులోంచి ఏమీ పోకూడదు. మీసేవలో రసీదు మీద ఉన్న రుసుము మాత్రమే ఇవ్వాలి. వేలకు వేలు తీసుకుని "వారంలో కార్డు చేతికిస్త" అనే మనిషి చేసేది కూడా ఇదే మీసేవ దరఖాస్తే. మీ ఫోన్‌కు వచ్చిన ఓటీపీ ఎవరికీ చెప్పకండి.

ఆరోగ్యశ్రీ అంటే అన్ని జబ్బులకూ అనుకోవడం కూడా ఉంది. జాబితాలో 1,800కు పైగా చికిత్సలు ఉన్నాయి: గుండె, కిడ్నీ, క్యాన్సర్, మెదడు, ప్రమాదాల్లో తగిలే పెద్ద దెబ్బలు, డయాలసిస్. కానీ జ్వరానికి, దగ్గుకు ఓపీ చూపించుకుంటే ఇది రాదు. వాటికి బస్తీ దవాఖానానో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రమో దగ్గర. రక్త పరీక్షలు తెలంగాణ డయాగ్నస్టిక్స్ ద్వారా అక్కడి నుంచే ఉచితంగా చేస్తారు. కొన్ని ఆపరేషన్లు ప్రభుత్వ ఆస్పత్రులకే కేటాయించి ఉంటాయి, అవి ప్రైవేటులో ఆరోగ్యశ్రీ కింద చేయరు. అలాగే ఒక ఆస్పత్రి బోర్డు మీద ఆరోగ్యశ్రీ అని ఉన్నంత మాత్రాన అన్ని విభాగాలూ అందులో ఉంటాయని కాదు. ఎముకలకు ఉండి గుండెకు లేకపోవచ్చు. 104లో అడిగేటప్పుడు ఆస్పత్రి పేరుతో పాటు జబ్బు పేరు కూడా చెప్పండి.

ఆస్పత్రిలో

చేర్పించే ముందే ఆరోగ్యమిత్ర దగ్గరికి వెళ్లండి. అడ్వాన్సు కట్టి మామూలు పేషెంటుగా చేరాక మార్చమంటే, మీరు కట్టిన డబ్బు తిరిగి రావడం కష్టం. డాక్టర్ పరీక్షలు చూసి చికిత్స నిర్ణయించాక ఆస్పత్రి వాళ్లు ఆన్‌లైన్‌లో ఆరోగ్యశ్రీ ట్రస్టుకు అనుమతి కోసం పంపుతారు. రోగి మంచం మీద ఉన్న ఫోటో కూడా తీస్తారు, భయపడాల్సింది లేదు. ప్రాణం మీదికి వచ్చిన కేసుల్లో ఫోన్ ద్వారా అనుమతి తీసుకునే పద్ధతి ఉంది, కాబట్టి "అప్రూవల్ రాలేదు, ముందు క్యాష్ కట్టండి" అంటే ఆ మాట అడగండి.

మందులకు, ఇంప్లాంట్‌కు "మంచిది వేస్తం, తేడా మీరు కట్టాలె" అంటారు కొన్ని చోట్ల. కాగితం మీద రాసివ్వమని అడగండి, చాలావరకు అక్కడికే ఆగిపోతుంది. ఆగకపోతే ఆరోగ్యమిత్రకు చెప్పి, అక్కడే నిలబడి 104కు ఫోన్ చేయండి. ఇంటికి పోయాక చేసే ఫిర్యాదు కంటే వార్డులోంచి చేసే ఫోన్‌కు బలం ఎక్కువ.

డిశ్చార్జి నాడు ఇవి అడిగి తీసుకోండి: డిశ్చార్జి కాగితం, పది రోజులకు సరిపడా మందులు, దారి ఖర్చులు, మళ్లీ ఎప్పుడు రావాలో రాసిన తేదీ. అందాయని సంతకం పెట్టించుకుంటారు. అందకముందే పెట్టొద్దు.

బకాయిల గొడవతో ప్రైవేటు ఆస్పత్రులు ఆరోగ్యశ్రీ సేవలు ఆపేసిన రోజులూ ఉన్నాయి, 2025 సెప్టెంబర్‌లో అలాగే జరిగింది. ముందే తేదీ అనుకున్న ఆపరేషన్ అయితే బయల్దేరే రోజు ఉదయం ఫోన్ చేసి కనుక్కోండి.

కార్డు రాకముందే జబ్బు వస్తే

అత్యవసరమైతే 108. వరంగల్‌లో ఎంజీఎంకు వెళ్లడానికి ఏ కార్డూ అక్కర్లేదు, ఏ రాష్ట్రం వాళ్లైనా చూస్తారు. రద్దీ ఉంటుంది, మంచం దొరకడానికి ఓపిక పట్టాలి, అయినా ప్రమాదం, పాముకాటు, పురుగుమందు కేసుల్లో అక్కడికే తీసుకెళ్లమంటాను నేను. పెద్ద చికిత్స అవసరమై కాకతీయ మెడికల్ కాలేజీ ఆవరణలోని సూపర్ స్పెషాలిటీకో, హైదరాబాద్ నిమ్స్‌కో పంపితే ఆ రిఫరల్ చీటీ జాగ్రత్త చేయండి. అప్పుడే పుట్టిన పసిబిడ్డకు ఇబ్బంది వస్తే కార్డులో పేరు లేదని ఆగిపోకుండా, తల్లి కార్డు, జనన ధ్రువపత్రం చూపి ఆరోగ్యమిత్రను అడగండి.

నిమ్స్ లాంటి చోట ఖర్చు ముందే అంచనా వేసి ఇస్తే, ముఖ్యమంత్రి సహాయ నిధి నుంచి ఎల్ఓసీ (ఖర్చు నిధి నుంచి ఇస్తామని ఆస్పత్రికి రాసిచ్చే హామీ పత్రం) తెచ్చుకోవచ్చు. ప్రైవేటులో చేతి డబ్బు పెట్టాల్సి వస్తే, తర్వాత అదే సహాయ నిధికి దరఖాస్తు పెట్టే వీలుంది. 2024 జూలై నుంచి ఇది ఆన్‌లైన్ అయింది. ఎమ్మెల్యే ఆఫీసు ద్వారా వెళ్తుంది. ఒరిజినల్ బిల్లులు, డిశ్చార్జి కాగితం, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ కావాలి. జిరాక్సు బిల్లులు తీసుకోరు, కాబట్టి ఆస్పత్రి నుంచి బయటికి వచ్చేటప్పుడే ప్రతి బిల్లు మీదా ఆస్పత్రి ముద్ర, సంతకం వేయించుకోండి. ఖర్చు మొత్తం రాదు, కొంత భాగమే వస్తుంది. ఆరోగ్యశ్రీలో ఉచితంగా అయిన చికిత్సకు మళ్లీ దీన్ని అడగలేరు. బ్యాంకు ఖాతాలో పేరు, బిల్లులో పేరు, ఆధార్‌లో పేరు మూడూ ఒకేలా ఉన్నాయా అని ఇచ్చే ముందు ఇంకోసారి చూసుకోండి.